మోటారు సైకిల్ బొమ్మకు విలువ కట్టిన వైనం

మా ఇల్లు కటవారియా సరాయ్‌లో. ఢిల్లీ తెలియని మిత్రుల కోసం చెబుతున్నాను. ఇది ఐ.ఐ.టి.కి దగ్గర్లో, కుతుబ్ ఇన్‌స్టిట్యూషనల్ ఏరియాను ఆనుకుని ఉన్న పాత గ్రామం. ఇప్పుడు గ్రామం పేరులోనే మిగిలింది. నాలుగైదు అంతస్తుల ఇళ్ళు, ఇద్దరు పక్కపక్కన నడవలేని గల్లీలు, జెరాక్స్ దుకాణాలు, అద్దె గదులు. ఆ గదుల్లో గేట్ పరీక్షకో, ఇంజనీరింగ్ సర్వీసులకో చదువుకునే కుర్రాళ్ళు. వాళ్ళలో మన తెలుగు పిల్లలూ ఉంటారు. అలాంటి ఒక అబ్బాయి మా పై అంతస్తులో ఉంటున్నాడు. తండ్రి ఆర్టీసీలో కండక్టరు.

ఒకరోజు సాయంత్రం ఆ తండ్రి నాకు ఫోన్ చేశాడు.

"అన్నగారూ, మావాడు ఇరవై వేలు పంపమంటున్నాడు. ఏదో బొమ్మలట. కొని ఉంచితే ధర పెరుగుతుందట. ఒకటి ఇప్పటికే తొమ్మిది వేలు పెట్టి కొన్నాడట. మీరు లెక్కల మనిషి. ఒకసారి చూసి చెప్పండి. మీరు సరేనంటే సొసైటీలో అప్పు తీసి పంపుతాను."

నేను బి.కాం. చదివి, డిఫెన్స్ అకౌంట్స్‌లో 38 ఏళ్ళు పనిచేసి 2020లో రిటైరైన వాణ్ణి. ఎన్నో వస్తువులకు విలువ కట్టిన కాగితాలు చూశాను గాని, బొమ్మకు విలువ కట్టమని ఎవరూ అడగలేదు. నా మాట మీద ఒక కండక్టరు అప్పు చేయడమో, మానడమో ఆధారపడి ఉంది. అందుచేత నవ్వి తీసిపారేయకుండా పైకి వెళ్ళాను.

ముందు వస్తువును వర్ణిస్తాను. అబ్బాయి పరుపు కింద నుంచి ఒక పెద్ద అట్టపెట్టె తీశాడు. అందులో ఆరంగుళాల స్త్రీ బొమ్మ. నల్లని దుస్తులు, కళ్ళజోడు. పక్కన ఆమె నడిపే మోటారు సైకిల్, చిన్న చిన్న తుపాకులు. మోకాళ్ళు, మోచేతులు, నడుము అన్నీ వంగుతాయి. బండి మీద కూర్చోబెడితే కూర్చుంటుంది. అమెరికాలో హాస్బ్రో కంపెనీ 2020లో తెచ్చిన జి.ఐ.జో వరుసలోది. పాత్ర పేరు బారోనెస్. అప్పట్లో ఈ సెట్టును టార్గెట్ అనే ఒక్క దుకాణాల గొలుసులోనే అమ్మారు. అక్కడి అసలు ధర 40 డాలర్ల దరిదాపు. త్వరగా అయిపోవడంతో చేతులు మారే కొద్దీ ధర పెరిగింది.

"బొమ్మ బాగుందోయ్" అన్నాను.

"బొమ్మ కాదంకుల్, యాక్షన్ ఫిగర్" అన్నాడు కాస్త నొచ్చుకుని.

ఈ మాటకు ఒక చరిత్ర ఉంది. 1964లో హాస్బ్రో మొదటి జి.ఐ.జోను అమ్మకానికి పెట్టినప్పుడు, మగపిల్లలు 'బొమ్మ' అంటే కొనరన్న భయంతో 'యాక్షన్ ఫిగర్' అనే పేరు పెట్టారు. సుంకం దగ్గర మాత్రం ఈ పేరు నిలవలేదు. జి.ఐ.జో మనిషి ఆకారంలో ఉంది కనుక అది బొమ్మేనని 1989లో అమెరికా అప్పీలు కోర్టు తేల్చింది. 2003లో టాయ్ బిజ్ అనే మరో కంపెనీ వాదన దీనికి తలకిందులుగా నడిచింది. తాము దిగుమతి చేసుకునే ఎక్స్-మెన్ లాంటి పాత్రలు అసలు మనుషులే కావు, కనుక అవి బొమ్మలు కావు, ఆటవస్తువులు అంది. కారణం సులభం. ఆ సరుకు దిగుమతైన నాటికి బొమ్మల మీద సుంకం 12 శాతం, ఆటవస్తువుల మీద 6.8 శాతం ఉండేది. కోర్టు ఒప్పుకుంది. అదే ప్లాస్టిక్, అదే అచ్చు. పెట్టిన పేరును బట్టి సర్కారుకు కట్టేది మారిపోయింది. లెక్కల మనిషికి ఇలాంటివి వింత కాదు. మీరు మాత్రం ఒకటి గమనించండి. వస్తువు గురించి మనం చెప్పుకునే మాట వేరు, వస్తువు వేరు.

ఇక పరీక్ష. మా ఉద్యోగంలో రెండు మాటలుండేవి. లెడ్జర్ బ్యాలెన్స్, గ్రౌండ్ బ్యాలెన్స్. పుస్తకంలో ఎంత ఉందని రాశారు, నేల మీద నిజంగా ఎంత ఉంది. రెండూ కలిసేదాకా సంతకం పెట్టకూడదు. అమ్మినతను పంపిన వర్ణన లెడ్జర్ అనుకున్నాను. "సామాను పూర్తి, అసలైనది, కొత్తదానిలా ఉంది, నేటి విలువ పదిహేను వేలు." పెట్టె మీది ఫోటో పక్కన పెట్టి ఒక్కొక్కటే సరిచూశాం. బండి సరే. బొమ్మ సరే. తుపాకుల్లో ఒకటి మాత్రం రంగు తేడాగా, మిగతావాటి కంటే మెత్తగా ఉంది. ఫోటోలోని ఆకారం కాదు. ఎక్కడినుంచో తెచ్చి పెట్టారు. పెట్టె అడుగున టేపు రెండుసార్లు వేసిన గుర్తు. అబ్బాయి మొహం చిన్నబోయింది. ఆరు వారాలుగా తన దగ్గరున్నా ఒక్కసారి కూడా సరిచూడలేదు. నమ్మకం చేసే పని ఇదే మిత్రులారా. పరీక్షించాలన్న ఆలోచననే రానివ్వదు.

ఇక్కడితో "అంతా మోసం, పైసా చెయ్యదు" అని తేల్చేసి ఉంటే నాకు సులభంగా ఉండేది. కాని అదీ పరీక్షించని నమ్మకమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక డిపోలో నేను చేసిన పొరపాటు గుర్తొచ్చింది. ఏళ్ళ తరబడి ఎవరూ అడగని ఒక ఇనుప భాగాన్ని చూసి, తుక్కు కింద రాసేయవచ్చు కదా అని నోట్ పెట్టాను. స్టోర్ చూసే ముసలి హవల్దారు నన్ను పక్కకు పిలిచి, "సాబ్, ఆ మిషన్ కంపెనీ మూతపడింది. మిషన్ మాత్రం ఇంకా నడుస్తోంది. ఇది విరిగిన రోజున దీనికోసం మీరే పరుగెత్తుతారు" అన్నాడు. నోట్ వెనక్కి తీసుకున్నాను. విలువ ఇనుములో లేదు, దానికోసం ఎదురుచూసే మనిషిలో ఉంది. ఇనుముకు వర్తించిన న్యాయం ప్లాస్టిక్‌కు ఎందుకు వర్తించదు? దానికోసం నిజంగా ఎదురుచూసేవాళ్ళు ఉన్నారా, ఉంటే ఎంత ఇస్తారు అన్నదే ప్రశ్న.

అబ్బాయి ఫోన్‌లో ధరలు చూపించాడు. 14 వేలు, 16 వేలు, ఒకచోట 22 వేలు.

"ఇవి అమ్మేవాళ్ళు అడుగుతున్న ధరలు. కొన్నవాళ్ళు ఇచ్చిన ధర ఏది?" అన్నాను.

అది అతని దగ్గర లేదు. అడిగే ధర ఒక కోరిక మాత్రమే. బాబా విభూతి సృష్టించాడని భక్తుడు చెప్పడం లాంటిదే. డాక్టర్ కోవూర్ 1963లో లక్ష రూపాయల సవాలు ప్రకటించినప్పుడు ఆయన బాబాలతో వాదన పెట్టుకోలేదు. మోసానికి వీల్లేని షరతుల మధ్య చేసి చూపించమన్నాడు, అంతే. మేమూ అలాగే షరతులు కాగితం మీద రాసుకున్నాం. బొమ్మను ముందు 15 వేలకు అమ్మకానికి పెట్టాలి. రెండు వారాల్లో ఎవరూ కొనకపోతే 9 వేలకు దించాలి. మరో రెండు వారాలు ఆగాలి. మారిన తుపాకీ సంగతి అడిగిన ప్రతివారికీ చెప్పాలి. వచ్చిన గట్టి బేరమే దాని విలువ. ఫలితం ఏదైనా ఇద్దరం ఒప్పుకోవాలి. కింద ఇద్దరం సంతకాలు చేశాం.

ఇంకో లెక్క కూడా వేసి చూపించాను. ఆ 9 వేలు ఏటా 7 శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే అయిదేళ్ళకు 12,623 రూపాయలవుతుంది. అంటే అయిదేళ్ళ తర్వాత బొమ్మను ఖర్చులు పోను ఆ ధరకు అమ్మితే లాభం సున్నా. ఈలోగా బొమ్మ అద్దె తేదు, వడ్డీ తేదు. ఎండ తగిలితే రంగు వెలుస్తుంది, తడి తగిలితే పెట్టె పాడవుతుంది. రెండోవాడు ఎక్కువకు కొంటాడన్న ఆశ ఒక్కటే దానికి ఆధారం.

మొదటి రెండు వారాలు ఒక్కరూ అడగలేదు. ధర దించాక నలుగురు "లాస్ట్ ఎంత" అని అడిగారు. ఒకతను 6 వేలకు సిద్ధపడి, తుపాకీ సంగతి వినగానే తగ్గాడు. చివరకు నిలిచిన బేరం 4,500. నేను సున్నా అవుతుందేమోనని లోలోపల అనుకున్నాను. అది తప్పు. అబ్బాయి 15 వేలు అనుకున్నాడు. అదీ తప్పు. లెక్కల సూత్రం ప్రకారం సరుకును కొన్న ధరకో, అమ్మితే వచ్చే ధరకో, ఏది తక్కువైతే దానికి రాయాలి. 4,500 అని రాశాను.

అయితే అతను అమ్మలేదు. "నాలుగున్నర వేలకు ఇవ్వబుద్ధి కావడం లేదంకుల్" అన్నాడు. ఇందులోనూ విడ్డూరమేం లేదు. 1990లో కానమన్, నెట్ష్, థేలర్ కప్పులతో చేసిన ప్రయోగాలు ప్రచురించారు. కప్పు చేతికొచ్చిన విద్యార్థులు దాన్ని అమ్మడానికి అడిగిన ధర, చేతికి రానివాళ్ళు ఇస్తామన్న దానికి దాదాపు రెట్టింపు. కప్పులు ఒకటే. నాది అనుకోగానే విలువ పెరిగింది. 2008లో బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్ పసిపిల్లలకు ఒక పెట్టెను చూపించి, అది ఏ వస్తువుకైనా అచ్చు నకలు తీస్తుందని నమ్మించారు. రోజూ పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మ విషయంలో మాత్రం పిల్లలు నకలు వద్దన్నారు, పాతదే కావాలన్నారు. వస్తువులో కంటికి కనబడని సారం ఏదో ఉందనుకోవడం మనలో చిన్నప్పటి నుంచే ఉంది. తాయెత్తులూ, బాబాల పాదుకలూ బతుకుతున్నది దాని మీదే.

ఈ మాట మా ఆవిడ ముందు అనడం నా పొరపాటు. దసరాకు బొమ్మల కొలువు మెట్లు సర్దుతోంది.

"ఏమండీ, మరి నా కొండపల్లి బొమ్మల మాటేమిటి? అమ్మితే ఎంతొస్తుందో కట్టారా?" అంది.

కట్టలేదు. ముప్ఫయ్యేళ్ళుగా కొలువు మీద విసుక్కున్నాను గాని, ఆ పొణికి కర్ర ఏనుగు ధర పెరుగుతుందని ఆమె ఏనాడూ అనలేదు. చూసుకోవడానికి కొన్నానంది, చూసుకుంటోంది. అందులో అబద్ధం లేదు. కుర్రవాడి తప్పు బొమ్మ కొనడం కాదు. ఇష్టాన్ని ఇష్టమని చెప్పలేక పెట్టుబడి అనడం. ఆ ఒక్క మాట వల్లే తండ్రి అప్పుదాకా వచ్చింది.

అతనికి ఇదే చెప్పాను. ఒక గంటసేపు మాట్లాడలేదు. తర్వాత మా ముందే తండ్రికి ఫోన్ చేసి, "నాన్నా, అది పెట్టుబడి కాదు, నాకు నచ్చి కొన్నాను. గది అద్దె డబ్బులు అందులో పెట్టాను. ఇరవై వేలు పంపొద్దు" అన్నాడు. అవతల తండ్రి తిట్టాడు, తిట్టాలి కూడా. ఇప్పుడు పక్క గల్లీలో ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పి అద్దె బాకీ తీరుస్తున్నాడు.

న్యాయంగా నా సంగతీ చెప్పాలి. 1982లో ఢిల్లీలో ఏషియన్ గేమ్స్ జరిగినప్పుడు, మొదటి జీతాల్లోంచి స్టాంపులూ నాణేలూ కొని దాచాను. "మన అమ్మాయి పెళ్ళికి పనికొస్తాయి" అని మా ఆవిడకు చాలాసార్లు చెప్పాను కూడా. అబ్బాయితో అంత గట్టిగా మాట్లాడాక ఊరుకోలేక, వాటిని ఒక వ్యాపారి దగ్గరకు పట్టుకెళ్ళాను. అతను భూతద్దం కూడా తీయలేదు. మొత్తానికి 700 ఇస్తానన్నాడు. నలభై ఏళ్ళు బీరువాలో ఒక నమ్మకాన్ని తాళం వేసి పెట్టుకుని, హేతువాదినని చెప్పుకు తిరిగాను. అమ్మకుండా తిరిగొచ్చాను. ఇప్పుడు నా పుస్తకంలో వాటి విలువ 700. ఉంచుకున్నది మాత్రం ఆ ఏడాది గుర్తుగా.

మీ ఇళ్ళలోనూ ఇలాంటివి ఏదో ఒకటి ఉంటుంది. "దీనికి ఎంతొస్తుందో తెలుసా" అని చుట్టాలకు చెప్పే వస్తువు. ఒకసారి నిజంగా అమ్మకానికి పెట్టి చూడండి. షరతులు ముందే రాసుకోండి.

ఆ దసరాకు మా కొలువులో కింది మెట్టు మీద, కొండపల్లి ఏనుగు పక్కన, ఒక నల్ల దుస్తుల అమ్మాయి మోటారు సైకిల్ మీద కూర్చుంది. పేరంటానికి వచ్చినవాళ్ళంతా ముందు దాన్నే చూశారు. ధర మాత్రం ఎవరూ అడగలేదు.