తుల్చిన్ పురము

ఉక్రెయిన్ దేశమునందు వీనిత్సియా పట్టణమునకు దక్షిణముగా తుల్చిన్ అను చిన్న పురము కలదు. 2019వ సంవత్సరము వేసవియందు మేమును మా వారును దానిని చూచితిమి. మా అన్నగారి కుమార్తె అప్పుడు వీనిత్సియాలో వైద్యవిద్య నభ్యసించుచుండెను. మన తెలుగు బిడ్డలు అచ్చట అనేకులుండిరి. ఆమె అద్దెకున్న యింటి యజమానురాలు తుల్చిన్‌లో పుట్టిన వృద్ధురాలు. "ఇంతదూరము వచ్చి మా యూరు చూడక పోవుదురా?" యని ఆమెయే మమ్ము వెంటబెట్టుకొని పోయినది. ఆమె మాటలను మా మేనకోడలు తెనిగించి చెప్పుచుండెను.

ఊరు చిన్నది, మేడ మాత్రము మహారాజులకు దగినది. తెల్లని స్తంభముల వరుస, ఇరుప్రక్కల చేతులు చాచినట్లున్న కట్టడములు. కొన్నియెడల సున్నము రాలియున్నను ఠీవి తగ్గలేదు. 18వ శతాబ్ది చివరిభాగమున స్తానిస్లావ్ పొటోత్స్కీ యను పోలిష్ ప్రభువు దీనిని కట్టించెను. ఈ గృహము సదా స్వతంత్రులకును సచ్చరిత్రులకును నివాసమగుగాక యను అర్థముగల వాక్యమును ముఖభాగమున చెక్కించెనట. మా వారు స్తంభములను లెక్కించుచుండగా వృద్ధురాలు నవ్వి, "మా ముత్తవ్వలు ఈ దొరల పొలములలో వెట్టిచేసిరి. ఆ వాక్యము వారికి చదువరాదు గదా!" యనెను. ఆ దేశమున కృషీవలుల దాస్యము 1861లో గాని తొలగలేదు.

మాకు స్తంభములకంటె ఆ యింటి స్త్రీల కథయందే మనసు నిలిచినది. పొటోత్స్కీ యువకుడై యుండగా తండ్రికి దెలియకుండ గెర్ట్రూడ్ కొమరోవ్‌స్కా యను పిల్లను పెండ్లాడెను. ఆమె కులీనురాలే, కాని ఆ తండ్రి యంతస్తునకు చాలదు. 1771 ఫిబ్రవరిలో ఒక రాత్రి మామగారి భటులు గర్భవతియైన ఆ కోడలిని పుట్టినింటినుండి యెత్తుకొనిపోయిరి. దారిలో బండ్లు ఎదురుకాగా కేక వినబడకుండ దిండ్లతో అదిమిరి. ఊపిరాడక ఆమె మరణించెను. శవమును నదిలో త్రోసిరి. ఇది తుల్చిన్‌లో జరుగలేదు, పడమటి సీమలో జరిగినది. కాని సచ్చరిత్రుల గృహమని చెక్కించిన చేయి ఆమె పాణిగ్రహణము చేసిన చేయియే. భర్త ఎదిరించెనా? తండ్రి పంపిన చోటికి విదేశమునకు పోయెను. 1774లో మరల పెండ్లియాడెను.

తరువాతి కాలమున సోఫియా యను గ్రీకు సుందరి ఆ యింట వెలసెను. కన్నతల్లియే ఆమెను ఇస్తాంబులునందలి పోలిష్ రాయబారికి అమ్మినదని చరిత్రకారులు వ్రాసిరి. ఆమె మొదటి భర్తను విడిచి, పొటోత్స్కీయు రెండవ భార్యకు విడాకులిచ్చి, 1798లో వివాహమాడిరి. ఆమె పేర ఉమాన్ పట్టణమున సోఫియివ్కా యను ఉద్యానవనమును ఆతడు నిర్మింపజేసెను. నేటికిని దానిని చూడ జనులు పోవుదురు. గెర్ట్రూడ్‌కు మేడయు లేదు, వనమును లేదు.

మధ్యాహ్నము వృద్ధురాలి చెల్లెలి యింట వరేనికీలు తింటిమి. చూచుటకు మన కజ్జికాయలే. లోపల చెర్రీపండ్లు, నూనెలో వేపక నీళ్లలో ఉడికింతురు. మాకు రుచించినవి. మా వారికి మాత్రము కారము లేని లోటు తీరలేదు.

తరువాత లియోంతోవిచ్ నివసించిన యిల్లు చూచితిమి. ఈ మికోలా లియోంతోవిచ్ 1908లో తుల్చిన్‌కు వచ్చి, గ్రామ పురోహితుల కుమార్తెలు చదువు పాఠశాలలో పాటలు నేర్పిన యుపాధ్యాయుడు. ప్రాత జానపద గీతమును దీసికొని, నాలుగు స్వరముల చిన్న పలుకును మరల మరల త్రిప్పుచు ష్చెద్రిక్ అను బృందగానముగా కూర్చెను. వానకోయిల యొకటి గృహస్థుని పిలిచి, మందలో పిల్లలు పుట్టినవనియు, ఇంట చక్కని యిల్లాలు కలదనియు చెప్పుట అందలి విషయము. అది 1916లో కీవ్ నగరమునను, 1922లో న్యూయార్కునను పాడబడెను. 1936లో ఇంగ్లీషు మాటలు చేరి క్రిస్మసు పాటగా లోకమంతట వ్యాపించెను. ఆ కీర్తిని కర్త చూడలేదు. 1921 జనవరిలో తండ్రి యింట నుండగా, రాత్రి ఆశ్రయమడిగి చేరిన రహస్యపోలీసువాడు ఆయనను కాల్చి చంపెను. ఇద్దరు కుమార్తెలు తండ్రి లేనివారైరి.

మేడయెదుట అంతసేపు మాటలాడిన మా వారు ఈ యింట మౌనముగా నిలిచిరి. నెల జీతముతో సంసారము నడుపు పంతులుగారి యిల్లెట్లుండునో మాకు ఒకరు చెప్పవలసిన పనిలేదు.

2022 ఫిబ్రవరి 24న యుద్ధము వచ్చిపడెను. మా మేనకోడలు తోడి విద్యార్థులతో సరిహద్దు దాటి మార్చిలో ఇల్లు చేరెను. ఆ జూలై 14న వీనిత్సియా నడిబొడ్డున క్షిపణులు పడి ఇరువదిమందికిపైగా మరణించిరి. మూడుదినములు వృద్ధురాలి జాడ తెలియలేదు. నాలుగవనాడు వార్త వచ్చెను: కిటికీ అద్దములు పగిలినవట, పలకలు కొట్టించినదట, చెల్లెలి యింట చెర్రీలు విరివిగా కాచినవట, పంచదార ధర హెచ్చినదట.