ఊపిరి వినిపించే చోటు

పుట్టి పెరిగింది వైజాగ్. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ, కార్తీక మాసంలో తలస్నానాలు చేస్తూ నలభై రెండేళ్లుగా సముద్రాన్ని చూస్తూనే ఉన్నాను. చూడటమంటే అంతా పైపైన చూడటమే. లోపలేముందో మొన్న ఫిబ్రవరిలో, అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలో, ఓ పొద్దున చూశాను. అప్పట్నుంచీ ఎవరు దొరికితే వాళ్లకి చెబుతున్నాను. ఇవాళ మీరు దొరికారు!

బయల్దేరే ముందు డైవింగ్ ఎక్కడ చేయాలన్నదాని మీద ఇంట్లో వారం రోజులు చర్చ నడిచింది. మా ఆయన నార్త్ బే అన్నారు. పోర్ట్ బ్లెయిర్ నుంచి, అదే ఇప్పటి శ్రీ విజయపురం నుంచి, పొద్దున పడవెక్కితే సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు. మా ఆడపడుచు నీల్ దీవి అంది. అక్కడ జనం తక్కువ, అదృష్టం బాగుంటే డ్యూగాంగ్ అనే సముద్రపు ఆవు కూడా కనిపిస్తుందట. మేనకోడలు మాత్రం హేవ్‌లాక్ అని పట్టుబట్టింది. డిక్సన్స్ పినకల్, జానీస్ గోర్జ్ అంటూ అక్కడి డైవింగ్ చోట్ల పేర్లు గడగడా చదివేసింది. 2018లో హేవ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌కి షహీద్ ద్వీప్ అనీ పేర్లు మార్చారు గానీ, జనం నోట ఇంకా పాత పేర్లే ఉన్నాయి.

లోతు సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. హేవ్‌లాక్ చేరాక తెలిసింది, మేనకోడలు చెప్పిన చోట్లు కోర్సు చేసి సర్టిఫికెట్ ఉన్నవాళ్లకని. అక్కడ చూడాల్సినదంతా బాగా లోతున ఉంటుంది, ప్రవాహమూ గట్టిగానే ఉంటుంది. మొదటిసారి దిగేవాళ్లని 12 మీటర్లు దాటనివ్వరు. అలాంటివాళ్లకి నీమో రీఫ్ ఉంది. పడవ అక్కర్లేదు. ఒడ్డు నుంచి నడుచుకుంటూ వెళ్లి, మోకాలి లోతు, నడుము లోతు, ఛాతీ లోతు దాటి, మునగడమే. నడవగలిగిన చోట మొదలై, నడవలేని చోటికి మెల్లగా తీసుకెళ్లే సముద్రం అది. మొదటిసారి దిగేవాళ్లు కళ్లు మూసుకుని ఇదే ఎంచుకోండి. ఈత రాకపోయినా ఫర్లేదు, పక్కన నేర్పేవాళ్లు పట్టుకునే ఉంటారు.

పోటు వేళ చూసి పొద్దున్నే రమ్మన్నారు. ఆటు వేళకి ఆ తూర్పు తీరంలో నీళ్లు చాలా దూరం వెనక్కి పోతాయి. నాకు నేర్పిన కుర్రాడి తాతగారు శ్రీకాకుళం నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చి స్థిరపడ్డారట. తెలుగు వినగానే నాకు సగం ధైర్యం వచ్చింది. సిలిండర్‌లో ఆక్సిజన్ ఉంటుందనుకున్నాను. కాదట, మనం రోజూ పీల్చే గాలినే గట్టిగా కుక్కి నింపుతారట. బొటనవేలు పైకెత్తితే 'బాగుంది' అని కాదు, 'పైకి వెళ్దాం' అని. బాగుందని చెప్పాలంటే చూపుడు వేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టాలి.

"ఊపిరి మాత్రం బిగబట్టకక్కా. ఇంకేం మర్చిపోయినా నేను చూసుకుంటాను" అన్నాడు. పైకి వచ్చేకొద్దీ నీటి ఒత్తిడి తగ్గి, ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది. బిగబడితే అది పోయే దారి ఉండదు. అందుకే అంత గట్టిగా చెప్పాడు.

మూడు మీటర్ల దగ్గర కుడి చెవిలో సూది దింపినట్టయింది. చెయ్యి అటూ ఇటూ ఊపి చూపించాను. వెంటనే కాస్త పైకి తీసుకెళ్లి, ముక్కు మూసుకుని మెల్లగా ఊదమని సైగ చేశాడు. టక్కుమని చెవి తెరుచుకుంది. ఆ తర్వాత ఏ నొప్పీ లేదు. జలుబు ఉన్నప్పుడు దిగొద్దని ఎందుకంటారో అప్పుడు అర్థమైంది.

తర్వాత నా ఊపిరి నాకు వినిపించింది. లోపలికి లాగితే సన్నటి ఈల, వదిలితే బుడగల గలగల. ఇన్నేళ్లలో నా ఊపిరిని నేనెప్పుడూ అంతసేపు వినలేదు. దాని వెనక ఇంకో చప్పుడు, నూనెలో ఆవాలు చిటపటలాడుతున్నట్టు! పగడాల సందుల్లో దాక్కున్న చిన్న రొయ్యలు డెక్కలు కొట్టే చప్పుడట అది. సముద్రం అడుగున తాలింపు!

ఒక పగడపు రాయి మీద మెత్తని వేళ్లలాంటివి వందల కొద్దీ ఊగుతున్నాయి, గాలికి వరినారు ఊగినట్టు. సీ ఎనిమోన్ అంటారు దాన్ని. ఆ వేళ్లు తాకితే మిగతా చేపలకి విషం. క్లౌన్ ఫిష్‌కి మాత్రం అదే ఇల్లు. బొటనవేలంత నారింజరంగు చేప, తెల్ల చారలు. నన్ను చూసి పారిపోలేదు. నా మాస్కు అద్దం దాకా దూసుకొచ్చి ఆగింది. వెనక్కి వెళ్లింది, మళ్లీ వచ్చింది. తన ఇంటి గుమ్మంలోకి నేనెందుకొచ్చానని అడుగుతోంది! ఈ చేపలన్నీ మగవిగానే పుడతాయట. గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడది అవుతుంది. అది చనిపోతే దాని జోడీ మగచేప ఆడచేపగా మారుతుంది. పైకొచ్చాక ఈ సంగతి విని నోరు వెళ్లబెట్టాను.

ఇంకో అద్భుతం నా చేతి మీదే జరిగింది. ప్రయాణానికి ముందు గోరింటాకు పెట్టుకున్నాను, ఎర్రగా పండింది. ఎనిమిది మీటర్ల దగ్గర చెయ్యి చూసుకుంటే ఎరుపు లేదు. వేళ్లు మసిబట్టినట్టు ఉన్నాయి. నీళ్లు అన్ని రంగులకంటే ముందు ఎరుపునే మింగేస్తాయట. కుర్రాడు టార్చి వేశాడు. ఆ వెలుగులో ఒక్కసారిగా గోరింటాకు భగ్గుమంది. పక్కనున్న పగడం కూడా! బూడిదరంగు అనుకున్నదల్లా కుంకుమ రంగు.

కొన్ని చోట్ల పగడాలు ఎముకల్లా తెల్లగా, విరిగి పడి ఉన్నాయి. 2010లోనూ, 2016లోనూ సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు చాలా దెబ్బతిన్నాయని చెప్పాడు. మనసు కలుక్కుమంది. దయచేసి అక్కడ దేన్నీ ముట్టుకోకండి, దేని మీదా కాలు మోపకండి. వేలెడు పగడం పెరగడానికి ఏళ్లు పడుతుంది.

రోజుల లెక్క కూడా చూసుకోండి. డైవింగ్ చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకపోవడం మంచిది. మేం ఆఖరి రోజుకి పెట్టుకున్నది, ఈ మాట తెలిశాక ముందుకి జరిపాం. దిగబోయే ముందు నేర్పేవాళ్లు మీ ఒక్కరితోనే ఉంటారా, నలుగురికి కలిపి ఒక్కరేనా అని తప్పకుండా అడగండి. ఆ కుర్రాడు నా ఒక్కదానితోనే ఉన్నాడు, నా సిలిండర్ మీద నుంచి చెయ్యి తీయలేదు. చేప దగ్గర నేను మైమరచిపోయి నిలబడిపోగలిగానంటే ఆ చెయ్యి వల్లే.

ఊరొచ్చాక తెలిసింది, మా రుషికొండ దగ్గర కూడా డైవింగ్ చేయిస్తారని. త్వరలో వెళ్తున్నాను. డిసెంబర్‌లో మళ్లీ హేవ్‌లాక్, ఈసారి ఓపెన్ వాటర్ కోర్సు. అది పూర్తిచేస్తే 18 మీటర్ల దాకా దిగొచ్చు. ముందురోజు రాత్రే గోరింటాకు పెట్టుకుంటాను. టార్చి నా చేతిలోనే ఉంటుంది.