మోత ఎప్పుడొస్తోంది?

అలిపిరి నుంచి తిరుమల ఎక్కుతున్న పెట్రోలు కారు. లోపల ఐదుగురు, డిక్కీ నిండా సామాను, పైగా ఏసీ. మలుపు దాటినా డ్రైవరు నాలుగో గేరు వదలడు. యాక్సిలరేటర్ తొక్కగానే బానెట్ కింద నుంచి రేకుడబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు మోత. గేరు తగ్గిస్తే మాయం. ముందు సీట్లోని పెద్దాయన మాత్రం అప్పటికే "ఇంజన్ పోయింది" అని తేల్చేసి ఉంటాడు.

పోలేదు. స్పార్క్ ప్లగ్ దగ్గర అంటుకున్న మంట సిలిండర్ చివరిదాకా పాకాలి. అది చేరేలోపే మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తానే భగ్గుమంటే, ఆ దెబ్బకు లోహం మోగుతుంది. అదే నాకింగ్, తేలిగ్గా ఉంటే పింగింగ్ అంటారు. ఇంజన్ మీద బరువు పడ్డప్పుడే ఎక్కువగా వినిపిస్తుంది.

అందుకే ముదురు మెకానిక్ "ఎలా మోగుతోంది" అని అడగడు, "ఎప్పుడన్నా?" అంటాడు. పొద్దున చల్లటి ఇంజన్‌లో టిక్‌టిక్‌మని వేడెక్కాక తగ్గితే చూపు టాపెట్ల మీదికి పోతుంది. కింద నుంచి దబదబమంటూ, ఒక సిలిండర్ ప్లగ్‌కు కరెంటు ఆపగానే మెత్తబడితే కనెక్టింగ్ రాడ్ బేరింగ్. ఆ బండిని ఇక నడపకూడదు.

ఈ నాకింగ్ మోత మహామహుల్నే తికమకపెట్టింది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ కాడిలాక్ కార్లకు బ్యాటరీ ఇగ్నిషన్ తెస్తే, నాకింగ్ నింద దానిమీదే పడింది. తప్పు ఇంధనంలో ఉందని ఆయన అనుమానం. సహాయకుడు థామస్ మిడ్గ్లీకి 1916లో ఒక ఊహ తట్టింది: ఎర్రటి ఆకులున్న ఒక మొక్క మంచు ఉండగానే పూస్తుంది కదా, ఇంధనానికి ఎరుపు వేస్తే వేడిని బాగా పీల్చుకుంటుందేమో! ఎర్ర రంగు దొరక్క అయోడిన్ కలిపాడు. మోత తగ్గింది. తర్వాత అసలు ఎర్ర రంగులు కలిపితే ఏమీ జరగలేదు. పనిచేసింది రంగు కాదు, అయోడిన్. ఆ వెతుకులాట 1921 డిసెంబర్ 9న టెట్రాఇథైల్ లెడ్ దగ్గర ఆగింది. మోత పోయింది, సీసం గాలిలో చేరింది. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు రావడానికి 2000 ఫిబ్రవరి దాకా పట్టింది.

ఆక్టేన్ అంకె పెద్దదైతే బండి పరుగెడుతుందన్నది బంకు దగ్గరి అపోహ. ఆ అంకె చెప్పేది ఇంధనం తనంతట అంటుకోకుండా ఎంత నిలుస్తుందన్నదే. కిరోసిన్ కల్తీ అయితే అది పడిపోతుంది. పెట్రోలు మంచిదేనంటే కూలెంట్, ప్లగ్ నంబరు, స్పార్క్ పడే టైమింగ్, పిస్టన్ మీద పేరుకున్న కార్బన్ చూడాలి. ఇంజన్ విప్పడం ఆఖరి మాట.

ఇప్పటి కార్లలో ఇంకో చిక్కుంది. ఇంజన్ బ్లాకుకు బిగించిన నాక్ సెన్సార్ ఆ ప్రకంపన పట్టగానే కంప్యూటర్ టైమింగ్ వెనక్కి జరుపుతుంది. మోత వినపడదు, పికప్ పడిపోతుంది, మైలేజీ తగ్గుతుంది. ఓనరు క్లచ్‌ని తిడుతుంటాడు. స్కానర్ పెట్టి, కొండెక్కేటప్పుడు టైమింగ్ ఎంత వెనక్కి పోతోందో చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

అన్నీ సరిగ్గా ఉండీ ఇంకా గలగలమంటుంటే, ఇంజన్ చల్లారాక సైలెన్సర్ గొట్టం మీది హీట్ షీల్డ్ రేకును ఓసారి కదిపి చూడాలి. తుప్పుపట్టి వదులైన బోల్టు ఒక్కటి చాలు, అచ్చం పింగింగ్‌లాగే మోగడానికి.