ఇంటి సినిమాకు తొలి సరంజామా

సినీ-కొడాక్ కెమెరా 1923లో అమ్మకానికి వచ్చింది. 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీద మామూలు మనుషులు ఇంటి ముచ్చట్లు తీసుకునే వీలు దానితోనే మొదలైంది. కొడాక్ కంపెనీ స్థాపకుడు జార్జ్ ఈస్ట్‌మన్ నివసించిన ఇల్లు అమెరికాలోని రోచెస్టర్ నగరంలో, ఈస్ట్ అవెన్యూ మీద ఉంది. 1949 నుంచి అది మ్యూజియం. ఈ వ్యాసకర్త అక్కడికి వెళ్ళింది ఆ కెమెరా కోసమే.

చూడ్డానికి అది ఒక నల్లని పెట్టె. ముందు కటకం, పక్కన తిప్పడానికి పిడి. మోటారు లేదు. పిడిని సెకనుకు రెండు చుట్లు తిప్పాలి. చుట్టుకు ఎనిమిది ఫ్రేముల చొప్పున సెకనుకు 16 పడతాయి. చెయ్యి నెమ్మదిస్తే తెర మీద మనుషులు పరుగులు పెడతారు, జోరైతే ఈడుస్తూ నడుస్తారు. పిడి తిప్పుతుంటే పెట్టె ఊగుతుంది కాబట్టి ట్రైపాడ్ తప్పనిసరి. పిల్లల వెంట పరిగెత్తి తీసే కెమెరా కాదది.

అసలు గొప్పతనం ఫిల్ముది. సినిమా స్టూడియోల 35 మిల్లీమీటర్ల నైట్రేట్ ఫిల్ము నిప్పు తగిలితే భగ్గుమంటుంది, ఇళ్ళలో పెట్టుకోదగ్గది కాదు. 16 మిల్లీమీటర్ల ఫిల్మును మాత్రం అంత తేలిగ్గా అంటుకోని ఎసిటేట్‌తోనే చేశారు. ఆ వెడల్పులోనూ జాగ్రత్త ఉంది: 35ని నిలువునా చీలిస్తే 17.5 వస్తుంది, 16 రాదు. నైట్రేట్ ముక్కలు ఇళ్ళలోకి చేరే దారి అలా మూసుకుపోయింది. పైగా ఇది రివర్సల్ ఫిల్ము. కెమెరాలో తిరిగిన రీలే కడిగాక తెర మీద ఆడే బొమ్మవుతుంది, వేరే ప్రింటు ఖర్చు లేదు. కడిగే రుసుము కూడా ఫిల్ము ధరలోనే కలిసి ఉండేది. వంద అడుగుల రీలులో 4,000 ఫ్రేములు, అంటే నాలుగు నిమిషాల పైచిలుకు బొమ్మ.

కెమెరాను మాత్రమే చూసి వెనక్కి వస్తే సంగతి సగమే తెలుస్తుంది. కెమెరా, కొడాస్కోప్ ప్రొజెక్టర్, తెర, ట్రైపాడ్, స్ప్లైసర్ అన్నీ కలిపి 335 డాలర్లకు అమ్మారు. ఆ రోజుల్లో ఫోర్డ్ మోడల్-టి కారు ఇంచుమించు ఆ ధరకే వచ్చేది. వీటిలో అందరూ చూడకుండా దాటిపోయే స్ప్లైసర్ దగ్గర కాసేపు ఆగాలి. ఫిల్ము కొసలు రెంటినీ అందులో బిగించి, ఒక కొస మీది మందుపూతను గీకేసి, ద్రావకం రాసి, రెండో కొసను దానిమీద నొక్కి పట్టాలి. ద్రావకం ఎసిటేట్‌ను కరిగించి రెంటినీ ఒకటి చేస్తుంది. పూత కాస్త మిగిలినా అతుకు ప్రొజెక్టర్‌లో ఊడిపోతుంది. పెళ్ళినీ పుట్టినరోజునూ ఒకే రీలులోకి చేర్చింది ఈ చిన్న పనిముట్టే.

1925లో వచ్చిన మోడల్ బి గడియారంలా కీ ఇస్తే తిరిగేది. దానితో పిడి తిప్పే బాధ, ట్రైపాడ్ మోత తప్పాయి. 1932లో ఎనిమిది మిల్లీమీటర్ల పద్ధతి మొదలై ఖర్చు ఇంకా దిగింది. 1965 నాటి సూపర్ 8 ఫిల్ము కార్ట్రిజ్‌లో వచ్చింది. ఫిల్మును చేత్తో కెమెరాలోని పళ్ళచక్రాల మీద పట్టించే అవసరం అక్కడితో పోయింది.