ఛత్రపురం దారిలో ఓ పాత పిస్తోలు

బరంపురం అనగానే మన సంఘంలో ఎవరికైనా ముందు పట్టుచీరలు, ఆ తరవాత అప్పడాలు, ఊరగాయలు గుర్తుకొస్తాయి. రెండేళ్ళకోసారి జరిగే బుఢీ ఠాకురాణీ జాతర చూసినవాళ్ళు దాని సంగతి చెప్పకుండా వదలరు. అయితే ఆ ఊళ్ళో కొన్ని పాత తెలుగు ఇళ్ళలో బయటికి చెప్పుకోని ఆస్తి ఇంకొకటుంది. అది తాతల నాటి లైసెన్సు తుపాకి. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే గదా! ఖల్లికోట, ధరాకోట, చికిటి, సురంగి జమీందారీలు, వాటిని అంటిపెట్టుకున్న దివాన్లు, ప్లీడర్లు, చుట్టూ అడవులు, శిస్తు డబ్బు మోసుకుంటూ రాత్రిపూట బండి ప్రయాణాలు. కాస్త స్థితిమంతులు ఒక తుపాకి ఉంచుకోవడం అప్పట్లో వింతేమీ కాదు.

మా బావగారింట్లో ఉన్నది తుపాకి కాదు, పిస్తోలు. .32 బోరు వెబ్లీ అండ్ స్కాట్. ఆయన తాతగారు మద్రాసు మౌంట్ రోడ్డులో కొన్నారట. బావగారికి 70 నిండాయి. మేనల్లుడికి పాతకాలపు పిస్తోళ్ళు సేకరించాలని కొత్తగా ఉబలాటం పుట్టింది. వాడిది ఊళ్ళోనే స్టీలు సామాన్ల వ్యాపారం, నాలుగు డబ్బులు వెనకేశాడు. "మొదటిది ఏది కొనమంటావు మామయ్యా?" అని నన్నడిగాడు. బ్యాంకు వాణ్ణి పిస్తోళ్ళ గురించి అడగడమేమిటని మా చెల్లెలు నవ్వింది గానీ, వాడి ప్రశ్నలో సగం నా వృత్తికి సంబంధించినదే.

ముందు అసలు విషయం. మనవాళ్ళు 'ఆటోమేటిక్' అనే పిస్తోలు నిజానికి సెమీ ఆటోమేటిక్. మీట ఒకసారి నొక్కితే ఒకే తూటా పేలుతుంది. ఆ పేలుడు ఊపుతోనే ఖాళీ తొడుగు బయటపడి, పిడిలోని మ్యాగజీను నుంచి ఇంకో తూటా పైకి వస్తుంది. రివాల్వరులాగా తిరిగే గుండ్రటి గది ఉండదు. చేతిలో పట్టే ఇలాంటి పిస్తోలును లోకానికి అలవాటు చేసిన ఘనత ఎక్కువ భాగం అమెరికావాడైన జాన్ బ్రౌనింగ్‌ది. ఆయన నమూనాతో బెల్జియంలోని ఎఫ్.ఎన్. కంపెనీ తెచ్చిన 1900 మోడల్‌తోనే .32 తూటా, అంటే 7.65 మిల్లీమీటర్లది, ప్రపంచమంతా పాకింది.

మన దేశంలో సేకరించేవాడికి ఈ .32 అంకె ముఖ్యం. 9 మిల్లీమీటర్లు, .45, .455 నిషిద్ధ బోర్లు, మామూలు పౌరుడికి లైసెన్సు రాదు. సినిమాల్లో చూసి మోజుపడే లూగర్లూ, పెద్ద కోల్టులూ ఆ లెక్కలోనే పోయాయి. మిగిలేది ఎక్కువగా .32, ఇంకా చిన్నవి. 1980ల మధ్య నుంచి వ్యక్తులు తుపాకులు దిగుమతి చేసుకోవడం దాదాపు మూతపడింది కాబట్టి, విదేశీ పాత సరుకంతా అంతకుముందు వచ్చిందే, చేతులు మారుతూ తిరుగుతోంది. అందుకే మంచి వాల్తర్ పీపీ ఒకటి కొనాలంటే కారు కొన్నంత అవుతుంది. ఆ ధర ఇనుముది కాదు, దొరక్కపోవడానిది.

ఇంకో మెలిక ఉంది. 2019 డిసెంబరులో ఆయుధ చట్టాన్ని సవరించి, ఒక మనిషికి మూడు దాకా ఉన్న పరిమితిని రెండుకి తగ్గించారు. మూడోది ఉన్నవాళ్ళు ఏడాదిలోగా అప్పగించాల్సి వచ్చింది. అమెరికాలో ఉన్న మా చిన్న మేనల్లుడు అక్కడ 50 ఏళ్ళు దాటిన పాత ఆయుధాల కోసం సేకర్తలకి వేరే లైసెన్సు ఉంటుందని, పోలిష్ పీ-64, రష్యన్ టోకరేవ్ వంటివి అలమరలో వరసగా పెట్టుకున్నానని ఫోటోలు పంపుతాడు. ఇక్కడ సేకరణ అంటే రెండే. మరమ్మతు చేసినా పేలనంతగా పాడైపోయిన పురాతన ఆయుధాలకి చట్టం 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది గానీ, అది గోడకి తగిలించుకునే వ్యవహారం. రెండే గడులున్నప్పుడు మొదటి గడిలో ఏది పెట్టాలన్నది చిన్న ప్రశ్న కాదు.

మావాడి కన్ను కటక్‌లో ఒకాయన అమ్మకానికి పెట్టిన ఎఫ్.ఎన్. బ్రౌనింగ్ 1910 మీద పడింది. సరుకుని తీసిపారేయలేం. నున్నగా, జేబులో ఎక్కడా తట్టుకోకుండా ఉంటుంది. స్ప్రింగు గొట్టం చుట్టూ అమర్చడం దాని ప్రత్యేకత. మూడు రకాల రక్షణ మీటలున్నాయి. 1914లో సరయేవోలో ఆర్చ్ డ్యూక్‌ని కాల్చింది ఈ మోడలుతోనే, బోరు మాత్రం .380. చంద్రశేఖర్ ఆజాద్ దగ్గరున్న కోల్ట్ 1903 కూడా బ్రౌనింగ్ నమూనాయే. 1931 ఫిబ్రవరి 27న ఆల్ఫ్రెడ్ పార్కులో ఆయన చేతిలో ఉన్న ఆ .32ని అలహాబాద్ మ్యూజియంలో చూడవచ్చు.

కటక్ వెళ్ళి చూశాం. డేరా వీధిలో చీర కొనే పెద్దావిడ ముందు అంచు చూడదు, కొంగు తిరగేసి వెనక దారాలు చూస్తుంది. పాత పిస్తోలునీ అలాగే చూడాలి. నల్లగా మిలమిలా మెరుస్తోందంటే కొత్తగా రంగు పట్టించారన్నమాట, చెక్కిన అక్షరాల అంచులు అరిగి ఉంటే అనుమానం తీరిపోతుంది. పైన జారే భాగానికీ, చట్రానికీ, గొట్టానికీ నంబర్లు కలవాలి. బెల్జియం సరుకైతే లియేజ్ పరీక్షా ముద్ర, ఇంగ్లీషుదైతే బర్మింగ్‌హామ్ ముద్ర ఉండాలి. మ్యాగజీను దానిదేనా, ఎక్కడిదో తెచ్చి దూర్చారా చూడాలి. గొట్టం లోపల గుంటలు పడ్డాయా చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యం కోసం స్పెయిన్‌లోని ఎయిబార్ ఊళ్ళో డజన్లకొద్దీ చిన్న కార్ఖానాలు రూబీ అనే .32ని తయారు చేశాయి. ఒకదాని భాగం ఇంకోదానికి పట్టదు. అలాంటివి బ్రౌనింగ్ పేరు చెప్పి అమ్మేవాళ్ళుంటారు. కటక్‌ది నకలు కాదు గానీ, రంగు కొత్తది, మ్యాగజీను పరాయిది. పైగా ఆయన తొందర పెడుతున్నాడు. స్థలం అమ్మేవాడు తొందర పెడితే లింకు డాక్యుమెంట్లు రెండుసార్లు చదవాలని మా బ్యాంకులో కుర్రాళ్ళకి చెబుతుంటాను.

ఇంటికొచ్చి బావగారి వెబ్లీని అదే లెక్కన చూశాం. అందగత్తె కాదు. వడ్రంగి మూలమట్టంలా పిడి నిటారుగా దిగి ఉంటుంది. వెనక సుత్తి బయటికే కనబడుతుంది. వెనక్కి వెళ్ళిన భాగాన్ని ముందుకి తోసే స్ప్రింగు చుట్టలా కాక, వి ఆకారంలో, పిడి కుడి పలక కింద దాగి ఉంటుంది. విరిగితే మరొకటి దొరకడం కష్టం, అందుకే తెలియని చేతులకి ఇవ్వకూడదు, పాత తూటాలు పేల్చి చూడకూడదు. 1911 నుంచి లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు వాడినది ఈ .32 రకాన్నే. రంగు చాలాచోట్ల పోయింది. కానీ ముద్రలు స్ఫుటంగా ఉన్నాయి, నంబర్లు కలిశాయి.

పిస్తోలు మీది నంబరు లైసెన్సులో నంబరుతో మాత్రం కలవలేదు. పిస్తోలు మీద 3 ఉన్నచోట లైసెన్సులో 8 ఉంది!

బావగారి ముఖం పాలిపోయింది. చట్టం ప్రకారం ఆయనకి లైసెన్సున్న పిస్తోలు లోకంలో లేదు, చేతిలో ఉన్నదానికి లైసెన్సు లేదు. 2024 ఎన్నికలప్పుడు ఠాణాలో అప్పగించి రసీదు తీసుకున్నా ఎవరూ గమనించలేదు. ఉద్యోగరీత్యా ఆయన ఎన్నో ఊళ్ళు తిరిగారు. ఏ ఊళ్ళో ఏ రెన్యువల్‌లో ఏ కలం జారిందో! ఆ రాత్రి మా చెల్లెలు ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక గుడ్డమూట తెచ్చింది. అందులో మద్రాసు దుకాణం బిల్లు, గంజాం జిల్లా అని మద్రాసు ప్రభుత్వం ముద్రతో మొదటి లైసెన్సు, 1936 తరవాత ఒరిస్సా ముద్రతో తరవాతిది. అన్నిట్లోనూ 3 స్పష్టంగా ఉంది. ముగ్గురం ఊపిరి పీల్చుకున్నాం.

గంజాం జిల్లా కలెక్టరు కూర్చునేది బరంపురంలో కాదు, 20 కిలోమీటర్ల దూరాన ఛత్రపురంలో. బావగారే పిస్తోలు సంచీలో పెట్టుకున్నారు, తూటాలు ఇంట్లో వదిలి. లైసెన్సు ఆయనది, మావాడు మోయడానికి లేదు. తంపరా సరస్సు పక్కన దిగి టీ తాగి ఆఫీసుకి వెళ్ళాం. దిద్దుబాటుకి ఒక అర్జీ, వారసత్వానికి ఇంకొకటి. 2016 నిబంధనల్లో 25వది ఇక్కడ పనికొచ్చింది. లైసెన్సుదారుడు పోయాకే కాదు, 70 ఏళ్ళు నిండినా, ఆయుధం 25 ఏళ్ళు ఉంచుకున్నా, బతికుండగానే వారసుడికి ఇవ్వవచ్చు. వారసుడు శిక్షణ సర్టిఫికెట్టు తేవాలి, భద్రంగా దాచే చోటు చూపించాలి. మన సభ్యుల ఇళ్ళలో ఇలాంటివి ఉంటే, పెద్దవాళ్ళుండగానే ఈ పని చేసుకోండి. ఆ గుడ్డమూట ఎక్కడుందో వాళ్ళకే తెలుసు.

పని రెండు గంటల్లో తెమిలింది. పూట మిగిలితే గంజాం ఊరికి వెళ్ళాం. జిల్లాకి పేరిచ్చిన ఊరు ఇప్పుడు చిన్నది. ఋషికుల్య ఒడ్డున పోటగఢ్ కోట ఉంది. ఇంగ్లీషు రెసిడెంటు కాట్స్‌ఫర్డ్ 1768లో మొదలుపెట్టిన నక్షత్రాకారపు కోట. 1815లో విషజ్వరాలు వచ్చి జనం పోతే, ముఖ్యస్థానం ఇక్కణ్ణించి లేచిపోయింది. ఆ పరగణా అంతటినీ తుపాకులతో కాపలా కాసిన చోట మేం వెళ్ళినప్పుడు మేకలు మేస్తున్నాయి. కూలిన గోడల మధ్య బావగారు ఒక రాయి మీద కూర్చుని, తాతగారు ఈ పిస్తోలు ఒక్కసారైనా పేల్చినట్టు ఇంట్లో ఎవరూ చెప్పలేదన్నారు. శిస్తు లెక్క చూసేటప్పుడు బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టేవారట.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత కటక్ ఆయనకి ఫోను చేసి వద్దని చెప్పాడు.

నాలుగు నెలలకి కాగితాలు వచ్చాయి. 8 కొట్టేసి, 3 వేసి, పక్కన సంతకం, ముద్ర. వెబ్లీ మేనల్లుడి పేరున ఎక్కింది. పిస్తోలు కొత్త ఇనప్పెట్టెలో ఉంది. మద్రాసు బిల్లూ, పాత లైసెన్సులూ ప్లాస్టిక్ కవర్లలో పెట్టించి బ్యాంకు లాకర్లో వేయించాను. లైసెన్సులో రెండో గడి ఖాళీగా ఉంది. వాల్తర్ పీపీ ఎక్కడైనా కనిపిస్తే చెప్పమని కలకత్తాలో స్నేహితులకి చెప్పి ఉంచాడు. కాగితాలు ముందు పంపితేనే చూస్తానన్నాడట.