పర్మినెంటు

నిన్న రాత్రి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. పల్లె నుంచి హైదరాబాదొచ్చి ఐటీలో కుదురుకున్న మన పిల్లల్లో ఒకడు. నెలకు దాదాపు రెట్టింపు డబ్బులిచ్చే కాంట్రాక్టు పని దొరికిందట. వాళ్లేమో 30 రోజుల్లో రమ్మంటున్నారు. ఇప్పుడున్న కంపెనీలో నోటీసు పీరియడ్ 90 రోజులు. ‘ఏం చేద్దామన్నా?’ అన్నాడు. గంటసేపు మాట్లాడినా సగమే చెప్పగలిగా. మిగతా సగం మాయమ్మతో ముడిపడింది, ఫోన్లో తేలేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నా. వాడొక్కడే కాదు, అదే పరిస్థితిలో ఇంకొందరున్నారని నాకు తెలుసు.

2023 డిసెంబరు 26న ఆంధ్రలో మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగారు. మాయమ్మ మా ఊరి మున్సిపాలిటీలో వీధులూడుస్తది. నేనూ సెలవు పెట్టి శిబిరానికి పోయా. మైకు చేతికిచ్చారు. ‘కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వద్దు, అందర్నీ పర్మినెంటు చెయ్యాలి’ అని గొంతు పోయేదాకా మాట్లాడా. మాయమ్మ ముందు వరసలో కూర్చుంది. పక్కనున్న ఆడోళ్లకు ‘మా పిల్లోడే, హైదరాబాదులో పర్మినెంటు’ అని చెప్పుకుంటా ఉంది.

నాలుగున్నర నెలలకు, 2024 మే 10న, ఆ పర్మినెంటు ఉద్యోగానికి రాజీనామా పెట్టా. కాంట్రాక్టులో చేరడానికి.

ఆ రోజు శుక్రవారం. సోమవారం 13న ఓట్లు. హైదరాబాదులో ఉన్న ఆంధ్రోళ్లంతా ఊళ్లకు బయల్దేరిన రోజులవి. బస్సులో డ్రైవరు పక్కన ఇంజను మీద కూర్చుని పోయా. దారి పొడుగునా అమ్మకెట్టా చెప్పాలా అనే ఆలోచనే. ఇంటికి పోయి అన్నం తిన్నాక చెప్పా. మాయమ్మ కంచం తీయబోయి ఆగిపోయింది.

‘ఏం తప్పు చేశావయ్యా?’

మొదటి మాట అదే. తప్పు చేయకుండా పర్మినెంటు పోతదని ఆమెకు తెలియదు. నేనే మానేశానంటే నమ్మడానికి రెండ్రోజులు పట్టింది. నమ్మాక ఇంకా కోపమొచ్చింది. ‘కాంట్రాక్టు అనే మాట ఈ ఇంట్లో ఎత్తబాక’ అంది.

ఆమె కోపం అర్థం కావాలంటే కాస్త వెనక్కి పోవాలి. మా పెద్దమ్మ కూడా అదే మున్సిపాలిటీలో ఊడ్చింది. ఆమె చేరింది 80ల్లో. 1994లో 212 జీవో వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి ఐదేళ్లు వరసగా పని చేసి ఉన్నవాళ్లను పర్మినెంటు చేసే జీవో. పెద్దమ్మ అందులో పడింది. ఇప్పుడు నెలనెలా పెన్షను తీసుకుంటది. మాయమ్మ చేరింది 2003లో. అదే చీపురు, అవే వీధులు, అదే తెల్లవారుజాము. కానీ మాయమ్మ కాంట్రాక్టరు కింద మనిషి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పాత సర్వీసు గంగలో కలిసేది, మళ్లీ కొత్త మనిషే. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు తీర్పొచ్చాక, ఏళ్ల తరబడి పని చేశామన్నంత మాత్రాన పర్మినెంటు హక్కు రాదని తేలిపోయింది. 2020లో ఆప్కాస్ కిందికి మార్చాక మధ్యలో కాంట్రాక్టరు పోయాడు, జీతం బ్యాంకులో పడుతోంది. అది మేలే, కాదనను. పర్మినెంటు మాత్రం కాలేదు.

ఒకసారి, కాంట్రాక్టరున్న రోజుల్లో, మాయమ్మకు టైఫాయిడ్ వచ్చి పన్నెండు రోజులు పడుకుంది. లేచి పోతే మేస్త్రి ‘నీ పేరు తీసేశారు, రాబాక’ అన్నాడు. అంతే. కాయితం లేదు, ముందు చెప్పడం లేదు. నాలుగు నెలలు ఆ కాంట్రాక్టరు ఇంటి చుట్టూ తిరిగితే మళ్లీ రానిచ్చారు. నేనప్పుడు ఇంటరు. ఆ నాలుగు నెలలు ఏం తిన్నామో ఇంకోసారి రాస్తా.

అట్టాంటి మనిషి కొడుకు 90 రోజుల నోటీసు ఎట్టా తప్పించుకోవాలా అని తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ విడ్డూరం నాకప్పుడు కనపడలా. నాకప్పుడు కనపడిందల్లా లెక్కే.

లెక్క ఇదీ. నేను చేరింది 2019 ఆగస్టు 5న. బేసిక్ 40 వేలు. కొత్త క్లయింటు లండన్‌లో, మధ్యలో ఇక్కడి ఏజెన్సీ ఒకటి. నెలకు లక్షా అరవై వేలు ఇస్తామన్నారు, 30 రోజుల్లో రావాలన్నారు. మిగిలిన 60 రోజుల నోటీసు కొనుక్కోవచ్చని మా కంపెనీ పాలసీలో ఉంది. బేసిక్ లెక్కన 80 వేలు కట్టాలి. 80 వేలేగా, కొత్త జీతంలో నెలలో వచ్చేస్తాయని అందరూ చెప్పారు. గ్రాట్యుటీ సంగతి ఎవరూ చెప్పలా. ఐదేళ్లు నిండితేనే గ్రాట్యుటీ. నోటీసు పీరియడ్ కూడా సర్వీసు కిందికే వస్తది. మే 10 నుంచి 90 రోజులు లెక్కేస్తే ఆగస్టు 8. ఆగస్టు 4కే ఐదేళ్లు నిండుతాయి. అంటే ఆ నోటీసు మొత్తం చేస్తే 40 వేలను 26తో భాగించి 15తో గుణించి ఐదేళ్లకు లెక్కేస్తే 1,15,384 రూపాయలు చేతికొస్తాయి. కొనుక్కుని జూన్‌లో పోతే ఆ డబ్బు రాదు, పైగా 80 వేలు ఎదురు కట్టాలి. మొత్తం దాదాపు రెండు లక్షల తేడా. ఐదో ఏడులో 240 రోజులు దాటితే చాలని మద్రాసు హైకోర్టు తీర్పొకటుంది, నిజమే. హెచ్‌ఆర్‌కు చూపించా. ‘మా సిస్టమ్ ఐదేళ్లే తీసుకుంటుందండీ’ అంది ఆ అమ్మాయి. దాని కోసం కేసు వేసి తిరిగే ఓపిక నాకు లేదు. తమ్ముళ్లూ, రాజీనామా మెయిలు కొట్టే ముందు మీరు చేరిన తేదీ ఒకసారి చూసుకోండి. నేను మెయిలు కొట్టాకే చూసుకున్నా. నా అదృష్టం బాగుండి తేదీ కలిసింది.

ఇంకోటి ఇన్సూరెన్స్. కంపెనీ పాలసీలో అమ్మ పేరుంది. ఆఖరి పనిదినంతో అది ఆగిపోతది. మాయమ్మ రెండు కళ్లకూ శుక్లాలు. రెండేళ్లుగా ‘పండగయ్యాక చూద్దాంలే’ అంటానే ఉంది. చీకట్లో రోడ్డూడ్చే మనిషికి కళ్లు మసకైతే వెనకొచ్చే లారీ ఎంత దూరంలో ఉందో తెలియదు. ఆ 90 రోజుల్లో ఆ రెండు ఆపరేషన్లూ చేయించాలనుకున్నా.

అందుకని కొనుక్కోకుండా, కాస్త ముందు వదలమని మేనేజర్ని అడిగా. ఐదేళ్లు నిండగానే వదిలితే చాలు, ఈలోపు క్లయింటుకు సర్దిచెప్పుకుంటానని. ‘పాలసీ అండీ’ అన్నాడు. నాకు ఆరు నెలల ముందు మా టీంలోనే మానేసిన ఒకాయనకు అదే 90 రోజులు 35 అయ్యాయి, పైసా కట్టకుండా. ఆయనా, మా పైన హెడ్డూ ఒక ఊరోళ్లు కాదు, ఒక కాలేజీ కాదు. ఒకే పెళ్లిళ్లలో కలుస్తుంటారు, అంతే. కులం చూసే నన్నాపారని నేను రుజువు చేయలేను. చేయబోను కూడా. వాళ్లకు ఫోన్ చేయడానికి మనిషున్నాడు, నాకు లేడు. ఆ లేకపోవడం ఒక్క రోజులో వచ్చింది కాదు. వీడ్కోలు టీ దగ్గర ఇంకొకాయన నవ్వుతా ‘మీకేంటండీ, ఎప్పుడంటే అప్పుడు గవర్నమెంటు ఉద్యోగం’ అన్నాడు. పన్నెండేళ్లు ప్రైవేటులో, ఏ రిజర్వేషనూ లేనిచోట పని చేసి, ఇంకో ప్రైవేటుకు పోతున్నోడితో ఆ మాట! టీ తాగేసి వచ్చా.

క్లయింటుకు ఆగస్టు 9 అన్నా. ఏజెన్సీ వాళ్లు మొదట సరేనన్నారు. నోటీసులో 41వ రోజున మెయిలొచ్చింది. ఆ పనికి వెంటనే రాగలిగే మనిషి దొరికాడట, శుభాకాంక్షలట. ‘ఈలోపు రాత్రిళ్లు మొదలుపెట్టు, ఎవరికి తెలుస్తది’ అని నాకంతకు ముందు సలహా ఇచ్చినోళ్లున్నారు. 2022లో ఒక పెద్ద కంపెనీ అట్టా రెండు చోట్ల పని చేస్తున్నారని 300 మందిని తీసేసిన సంగతి మర్చిపోయినట్టున్నారు. పట్టుబడితే ఇంకొకడికి పరువే పోతది. మనోడికైతే దొంగ అనే పేరొస్తది, ఆ పేరు వాడి వెనకొచ్చే మన పిల్లలకూ అంటుకుంటది. అందుకే మొదలుపెట్టలా. దానికిప్పుడూ బాధ లేదు.

ఆ రాత్రి మాత్రం భయమేసింది. నిజం చెప్తున్నా, పొద్దున్నే పోయి రాజీనామా వెనక్కి తీసుకుంటానని అడిగా. ‘యాక్సెప్ట్ అయిపోయింది, మీ సీటులోకి మనిషిని తీసుకున్నాం’ అన్నారు. సమ్మె శిబిరంలో మైకు పట్టుకున్నోడు గాజు తలుపుల గదిలో బతిమాలుకున్నాడు. ఈ ముక్క ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజుల్లోనే బాబాసాహెబ్ జీవితచరిత్ర మళ్లీ తీశా. 1917లో ఆయన బరోడా సంస్థానం ఉద్యోగానికి పోయాడు. స్కాలర్‌షిప్ ఇచ్చి చదివించినందుకు అక్కడ పదేళ్లు పని చేస్తానని ఒప్పందం రాసిచ్చిన మనిషి. ఉండటానికి గది ఇచ్చినోడు లేక వెనక్కి రావాల్సొచ్చింది. అది మనలో చాలామందికి తెలుసు. ఆ తర్వాత సంగతి ఎక్కువమంది మాట్లాడుకోరు. బొంబాయిలో ఆయన షేర్ల మీద సలహాలిచ్చే సొంత వ్యాపారం పెట్టాడు. సలహా ఇచ్చేది ఎవరో తెలిశాక వచ్చేవాళ్లు రావడం మానేశారు, మూతపడింది. కొలంబియాలో ఆర్థికశాస్త్రం చదివొచ్చిన మనిషికి! తర్వాత 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరాడు. 1920లో అదీ వదిలి, ఆపేసిన చదువు పూర్తి చేయడానికి లండన్ పోయాడు. వదలడం ఆయనకూ తేలిక కాలేదని చదువుతుంటే నాకు కాస్త ఊపిరాడింది. సొంతంగా నిలబడాలంటే పని రావడం ఒక్కటే చాలదు, పని ఇచ్చేవాడు నీ దగ్గరికి రావాలి. మా ఐటీలోనూ ఈ కాంట్రాక్టు పనులు చాలావరకు ‘మనోడొకడున్నాడు’ అనే మాట మీదే దొరుకుతాయి.

నాకూ చివరికి అట్టాగే దొరికింది. మనోడొకడున్నాడు. యూనివర్సిటీలో మా విద్యార్థి సంఘంలో సీనియర్, జర్మనీలో ఉంటాడు. నేను ఖాళీ అయ్యానని తెలిసి ఆయనే ఫోన్ చేశాడు. కానీ ఆ ఫోన్ ఆగస్టు 8 దాటాక ఏడు వారాలకొచ్చింది. ఆ ఏడు వారాలూ గ్రాట్యుటీ డబ్బులే కాపాడాయి. అవి లేకపోతే ఏ జీతానికంటే ఆ జీతానికి ఏదో ఒక కంపెనీలో చేరిపోయేవాణ్ణి. అందుకే తమ్ముడితో ముందు అడిగింది, ‘ఎన్ని నెలలు ఊరికే కూర్చోగలవు?’ అని. ఆరు నెలలన్నా కూర్చోగలిగితే కాంట్రాక్టు. లేకపోతే ఆగు. జీతం రెట్టింపు కనపడుతుంది గానీ అందులోంచి టీడీఎస్ పది శాతం ముందే కోస్తారు, సెలవు పెడితే డబ్బుల్లేవు, పీఎఫ్‌లో కంపెనీ వాటా లేదు, బిల్లు పెట్టాక 45 రోజులకు గానీ చేతికి రాదు. రిలీవింగ్ లెటరు మాత్రం చేతిలో పడందే ఆఫీసు గడప దాటబాక. నాది నెల రోజులు నాన్చారు.

కళ్ల ఆపరేషన్లు మాత్రం అయ్యాయి, జూన్‌లో ఒకటి, జులైలో ఒకటి. రెండో కన్ను కట్టు విప్పిన రోజు మాయమ్మ నా మొహం చూసి ‘ఇంత నల్లబడ్డావేందిరా’ అంది. నేనెప్పుడూ ఇంతేనన్నా.

అక్టోబరులో కొత్త కాంట్రాక్టు కాయితాలొచ్చాయి. దసరాకు ఊరొచ్చి ఉన్నా. అరుగు మీద కూర్చుని చదువుతుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఏం రాశారో చెప్పమంది. డబ్బుల సంగతి చెప్పా, పట్టించుకోలా. ‘తీసేయాలనుకుంటే?’ అంది. ఆ క్లాజు మీదే నాకు మంటగా ఉంది అప్పటికే. నేను మానాలంటే 30 రోజుల ముందు చెప్పాలి, వాళ్లు తీసేయాలంటే 15 రోజుల ముందు చెబితే చాలు. ‘చూడమ్మా, ఎంత అన్యాయమో, మనకు 30, వాళ్లకు 15’ అన్నా.

మాయమ్మ కాసేపు ఏం మాట్లాడలా.

‘పదిహేను రోజుల ముందు చెప్తారా?’ అంది. ‘రాసిచ్చారా?’

రాశారన్నా.

‘ఎక్కడ? ఏదీ, చూపియ్యి.’

మాయమ్మకు ఇంగ్లీషు రాదు. తెలుగే కూడబలుక్కుని చదువుతది. ఆ గీత ఎక్కడుందో వేలు పెట్టి చూపించా. కాయితం దగ్గరికి తీసుకుని, కొత్త కళ్లతో, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది.