పల్లెటూరి పబ్బులో ఒక రాత్రి

పబ్బు అనగానే మనకి హైదరాబాదు పబ్బులే గుర్తొస్తాయి. చీకటి, రంగు లైట్లు, చెవులు పగిలే పాటలు, మర్నాడు పేపర్లో పోలీసుల దాడి వార్త. అందుకని మా పెద్దమ్మాయి "అమ్మా, ఈ శనివారం మనం పబ్బులోనే పడుకుంటున్నాం, గది బుక్ చేసేశాను" అన్నప్పుడు మావారు నా మొహం చూశారు, నేను ఆయన మొహం చూశాను. అది బ్రిస్టల్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. దాన్ని చూడ్డానికి వెళ్ళి మూడు వారాలున్నాం. "పల్లెటూరి పబ్బు వేరు నాన్నా, కింద పబ్బు, పైన గదులు, ఒక ముసలావిడ నడుపుతుంది" అని అదే సర్దిచెప్పింది.

ఊరి పేరు లేకాక్, విల్ట్‌షైర్‌లో ఉంది. ఊరు మొత్తం నాలుగు వీధులు, నలుచదరంగా. ఆ ఊరి జమీందారిణి మటిల్డా టాల్బోట్ 1944లో తన అబ్బేతో పాటు ఊరిని కూడా నేషనల్ ట్రస్టుకి రాసిచ్చేసింది. అందుకే ఆ వీధుల్లో కరెంటు తీగలు, టీవీ యాంటెనాలు కంటికి ఆనవు. పాత కాలం సినిమాలు తీసేవాళ్ళకి అంతకన్నా ఏం కావాలి? బీబీసీ వాళ్ళు 1995లో ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ సీరియల్‌కి ఇక్కడికే వచ్చారు.

మధ్యాహ్నం భోజనానికి జార్జ్ ఇన్ అనే పబ్బుకి వెళ్ళాం. 1361 నాటిదని చెప్తారు. ఆ పొయ్యి దగ్గరే నేను ఆగిపోయాను. పొయ్యంటే మన పొయ్యి కాదు, అందులో నలుగురు నిలబడొచ్చు. దాని పక్కన పైకి బిగించి ఒక చెక్క చక్రం ఉంది. ఆ చక్రంలోకి ఒక పొట్టికాళ్ళ కుక్కని ఎక్కించేవాళ్ళట. అది నడుస్తూ ఉంటే చక్రం తిరిగి, దాంతో పాటు మంట మీద మాంసం గుచ్చిన ఊచ తిరిగేది. ఆ పని కోసమే ఒక జాతి కుక్కలుండేవి, యంత్రాలు వచ్చాక ఆ జాతే అంతరించిపోయింది. మంట వేడి పక్కన, మాంసం వాసన చూస్తూ, తినడానికి లేకుండా గంటలు గంటలు నడవడం! మావారు ఫోటో తీస్తున్నారు గానీ నాకు మటుకు ఇంటెడు చుట్టాలొచ్చిన పండగ పూట వంటింట్లో నిలబడ్డట్టే అనిపించింది.

శనివారం నేను నీచు ముట్టను. అందుకని రొట్టె, చీజు, పికిల్ ఉన్న పళ్ళెం ఒకటి చెప్పుకున్నాం. పికిల్ అంటే ఆవకాయ అనుకునేరు. కూరగాయ ముక్కల్ని బెల్లంపాకంలో వేసి వెనిగర్ పోసినట్టుంటుంది. అక్కడ బల్ల దగ్గరకి ఎవరూ రారు. మనమే కౌంటరు దగ్గరకెళ్ళి, బల్ల నంబరు చెప్పి, ముందే డబ్బు కట్టి రావాలి. కౌంటరు దగ్గర క్యూ కనపడదు, కానీ ఉంటుంది. ఎవరి తర్వాత ఎవరో నిలబడ్డ అందరికీ తెలుసు. ఒకాయన తన వంతు వచ్చినా "ఈవిడ నాకన్నా ముందు వచ్చారు" అని నన్ను చూపించాడు.

సాయంత్రానికి మేం బస చేసే చోటికి చేరాం. గుమ్మాలు పొట్టివి, దూలాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. గది నేల ఒక పక్కకి వాలి ఉంది, చేతిలోంచి జారిన పెన్ను దొర్లుకుంటూ గోడదాకా పోయింది. టీ పెట్టుకోవడానికి కెటిల్, రెండు బిస్కెట్లు, ఉతికిన వాసనేసే దుప్పట్లు. వంట, పక్కలు, లెక్కలు, కింద మందు పొయ్యడం అన్నీ ఆ యజమానురాలే, సాయానికి ఒక కుర్రాడు.

ఇలాంటి చోటుని తెలుగులో ఏమనాలా అని ఆలోచించాను. సత్రం అందామంటే సత్రంలో డబ్బు తీసుకోరు. పూటకూళ్ళ ఇల్లు అనే మాటే సరిపోయింది. బీఏలో క్రీడాభిరామం చదువుకున్నప్పుడు ఓరుగల్లు పూటకూళ్ళింట్లో ఒక్క రూకకి దొరికే భోజనం గురించి నోరూరేలా చెప్పించుకున్నాం. కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ అయితే సరేసరి. పబ్బు కూడా పబ్లిక్ హౌస్‌కి పొట్టిపేరే, అంటే ఇల్లే. మధ్యయుగాల్లో అక్కడ ఏల్ కాచడం చాలావరకు ఇల్లాళ్ళ పని, మనకి మజ్జిగ చిలకడం లాగా. ఇంటికి సరిపోగా మిగిలితే వాకిట్లో కర్రకి కొమ్మలకట్టో చీపురో కట్టి నిలబెట్టేవాళ్ళు, ఇవాళ ఏల్ ఉంది రమ్మని గుర్తు. 1393లో రెండో రిచర్డ్ రాజు ఏల్ అమ్మేవాళ్ళు గుర్తు వేలాడదీసి తీరాలన్నాడు. తర్వాత హాప్స్ వచ్చాయి, పెద్ద బట్టీలు వచ్చాయి, పెట్టుబడి వచ్చింది, ఆ పని మెల్లగా మగవాళ్ళ చేతుల్లోకి పోయింది. (లాభమొచ్చే ఏ వంటిల్లు మనకి ఉంచారు గనక!)

నేను అడగ్గా ఆవిడ నన్ను కింద నేలమాళిగకి తీసుకెళ్ళింది. కాస్క్ ఏల్ పీపాలో ఉండగా కూడా పులుస్తూనే ఉంటుంది. చల్లదనం పన్నెండు డిగ్రీలకి అటూ ఇటూగా ఉండాలి. పీపా వచ్చాక కదపకుండా తేరుకోనివ్వాలి. తెరిచాక మూడు రోజుల్లో ఖాళీ అయిపోవాలి, లేకపోతే పులిసిపోతుంది. మేమిద్దరం ఇడ్లీపిండి గురించి మాట్లాడుకుంటున్నట్టే ఉంది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆవిడ యాస నాకు సగం అర్థం కాదు. అయినా పులుపు గురించి ఇబ్బంది రాలేదు.

రాత్రి కింద హాల్లో కూర్చున్నాం. పక్క బల్ల దగ్గర తాత, మామ్మ, ఇద్దరు మనవలు. బూట్లకి బురదతో నడిచొచ్చిన వాళ్ళు నలుగురు. బల్లకింద ఒక కుక్క గుర్రుపెడుతోంది. ఇద్దరు ముసలమ్మలు చెరో గ్లాసూ పెట్టుకుని పేపర్లో గళ్ళ పజిల్ నింపుతున్నారు. అప్పుడు మా అమ్మాయి నా వైపు చూడకుండా అడిగింది, "అమ్మా, నేనొక హాఫ్ సైడర్ తీసుకోనా?" యాపిల్ రసం పులియబెట్టింది. హాఫ్ అంటే 284 మిల్లీలీటర్లు.

నా పెళ్ళిచూపుల్లో నేను మావారిని అడిగిన ప్రశ్న ఒక్కటే, తాగుతారా అని. ఎందుకడిగానో మా పిల్లలకి ఎప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి ఆ బల్ల దగ్గరే చెప్పాను. మా ఊళ్ళో సారా కొట్టు చెరువుకట్ట కింద ఉండేది. పొద్దుపోతే మా అమ్మ నన్ను పంపేది, "నాన్నని అన్నానికి పిలుచుకురా, గడప మాత్రం దాటకు." నేను బయట నిలబడి పిలిచేదాన్ని. లోపల్నించి ఎవరో "నీ కూతురొచ్చింది పోవయ్యా" అనేవారు. మా నాన్న చెడ్డవాడు కాదు, వచ్చేటప్పుడు జీళ్ళు కొనిచ్చేవాడు. నలభై ఆరో ఏట లివరు చెడి పోయాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారని తెలిశాక మా ఊళ్ళో ఆడవాళ్ళూ చీపుళ్ళు పట్టుకుని కదిలారు, వాళ్ళల్లో అమ్మ ఉంది. ఆ గడప అమ్మ దాటింది అప్పుడే. అప్పటికి నాన్న పోయి ఏడాది.

మావారు కుర్రాడు తెచ్చిన నీళ్ళు నా ముందుకి జరిపారు. పిల్ల ఏమీ మాట్లాడలేదు.

ఖాళీ ప్లేట్ల కోసం వచ్చిన ఆవిడ మా మొహాలు చూసి ఏమైందని అడిగితే మా అమ్మాయి రెండు ముక్కల్లో చెప్పింది. ఆవిడ అటు మూల చిన్న గదిని చూపించింది. స్నగ్ అంటారు దాన్ని. వాళ్ళ అమ్మమ్మ కాలంలో ఆడవాళ్ళు ఎవరికీ కనపడకుండా అందులో కూర్చుంటే చిన్న కిటికీలోంచి గ్లాసు అందించేవాళ్ళట. లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లో ఎల్ వినో అనే చోట ఆడవాళ్ళు కౌంటరు దగ్గర నిలబడితే మందు పొయ్యమనేవాళ్ళు, వెనక గదిలో కూర్చుంటేనే ఇచ్చేవాళ్ళు. ఒక లాయరూ ఒక జర్నలిస్టూ, ఇద్దరూ ఆడవాళ్ళే, కోర్టుకెక్కి 1982లో గెలిచారు. ఎంతో దూరం కాదు, నాకు అప్పటికి పుట్టి నాలుగైదేళ్ళు.

అక్కడి వాళ్ళంతా బుద్ధిగా తాగుతారని చెప్పను. శుక్రవారం రాత్రి బ్రిస్టల్ వీధుల్లో కాలవ పక్కన పడున్నవాళ్ళని చూశాను. అక్కడా ఇంటిదగ్గర ఎదురుచూసే పిల్లలు ఉండే ఉంటారు. కానీ ఈ హాల్లో తాగేవాడి పక్కన అతని భార్యకి కుర్చీ ఉంది, పిల్లకి జ్యూసు ఉంది. ఎన్నో గ్లాసో చూసే కళ్ళు నాలుగున్నాయి. మా ఊరి కొట్లో మా అమ్మకి కుర్చీ వేసుంటే ఏమయ్యేదో నాకు తెలీదు. అమ్మ కూర్చునేది కాదు, అది మాత్రం తెలుసు.

"నీ డబ్బుతో కొనుక్కో, నాన్న డబ్బుతో కాదు," అన్నాను మా అమ్మాయితో. అది వెళ్ళి తెచ్చుకుంది. మెల్లగా, మొత్తం తాగింది. నేను చూస్తూ కూర్చున్నాను.

పదిన్నర దాటాక ఆవిడ కౌంటరు దగ్గర ఇత్తడి గంట కొట్టి, ఆఖరి ఆర్డర్లు చెప్పుకోండని కేకేసింది. ఇంకాసేపటికి మళ్ళీ కొట్టింది. ఒక్కడూ ఇంకొక్కటి పొయ్యమని బతిమాలలేదు. గ్లాసులు దించి, కోట్లు తొడుక్కుని, గుడ్ నైట్‌లు చెప్పుకుని వెళ్ళారు. అలవాటు చొప్పున నేను లేచి మా బల్ల మీదవీ పక్క బల్ల మీదవీ గ్లాసులు పోగేసి కౌంటరు మీద పెట్టాను. "అయ్యో, మీరు అతిథులు, వద్దు" అంటూనే ఆవిడ అందుకుని కడగడం మొదలుపెట్టింది. తుడిచే గుడ్డ ఎక్కడుందో అడిగాను.